పదకొండు పేర్ల ఫ్లాపీ

బొంబాయి హోటల్లో రహస్యాలు చేరవేసే శత్రుదేశపు కొరియర్‌ని చంపింది మనవాళ్లే. పని శుభ్రంగానే చేశారు కానీ, మంచం కింద ఉన్న అతని పోర్టబుల్ కంప్యూటర్ మాత్రం ఏ మేధావి కంటా పడలేదు. కుట్టుమిషన్ పెట్టెలా ఉన్న ఆ పన్నెండు కిలోల బరువుని హోటల్ వాళ్లు పాత సామాన్ల లారీకెక్కించి చేతులు దులుపుకున్నారు.

పది రోజుల తర్వాత అసలు సంగతి తెలిసి హెడ్‌క్వార్టర్స్‌కి చెమటలు పట్టాయి. ఆ పెట్టెలో ఒక ఫ్లాపీ ఉంది. విదేశాల్లో మారువేషాల్లో ఉన్న మన ఏజెంట్లు పదకొండు మంది పేర్లు అందులో ఉన్నాయి. ఆ పెట్టె డ్రైవ్‌లో తప్ప అది ఇంకెక్కడా తెరుచుకోదు.

"లారీ జహీరాబాద్‌లో దిగింది," అన్నాడు చీఫ్. "వాళ్ల చేతిలో పడకముందే తీసుకురా. సుమిత్ర నీకు తోడుగా వస్తుంది."

ఏజెంట్ విరూపాక్ష తల ఊపాడు. పదకొండులో ఒక పేరు రామ్‌కిషన్‌ది. దుబాయ్‌లో గడియారాల షాపులో సేల్స్‌మన్ వేషం. రెండేళ్లలో వెనక్కి రప్పిస్తానని మాటిచ్చి పంపింది విరూపాక్షే. నాలుగేళ్లయింది. ఆ పేరు బయటపడితే రామ్‌కిషన్ ఒక్క రోజు కూడా బతకడు.

1987, ఆయుధ పూజ రోజు. విరూపాక్ష అల్లం వ్యాపారి వేషంలో దిగాడు. హైవేకి రెండు వైపులా చెక్‌పోస్టులు పెట్టించాడు. ఇక పెట్టె ఊరు దాటి పోయే దారి లేదు. తను మొగుడంపల్లి రోడ్డులోని పాత ఇనుము కొట్లకు వెళ్తూ, బజారు వెతకమని సుమిత్రకి చెప్పాడు. సుమిత్ర ఆరు భాషలు మాట్లాడుతుంది, పట్టుచీర కడితే మంత్రులు కూడా లేచి నిలబడతారు. ఆమెని అనుమానించాలన్న ఆలోచన డిపార్ట్‌మెంట్‌లో ఒక్కరికీ రాలేదు.

మూడో కొట్టువాడు చెప్పాడు, అలాంటి పెట్టెలన్నీ బస్టాండ్ వెనక రేడియోలు బాగుచేసే చెన్నబసప్ప ఏరుకుపోతాడని. అదొక పిచ్చి ఆయనకి. ఫారిన్ కంపెనీలు మూడేళ్లకే పారేసే పోర్టబుల్ కంప్యూటర్లని తెచ్చి, విప్పి, టంకం పెట్టి, మళ్లీ ప్రాణం పోస్తాడు. వాటితో ఆయనకి పనేమీ లేదు. చచ్చిన తెర మళ్లీ వెలిగితే చూసి సంతోషపడతాడు, అంతే.

విరూపాక్ష షాపు చేరేసరికి తలుపు ఓరగా వేసి ఉంది. సందులోంచి చూస్తే లోపల బల్ల మీద ఏడు కంప్యూటర్లు, అన్నింటికీ విభూతి రేఖలు, కుంకుమ బొట్లు, బంతిపూలు. సుమిత్ర చేతిలో పిస్టల్ ఉంది.

"ఇయ్యాల పనిముట్లకు సెలవమ్మా, ముట్టుకోవద్దు," అంటున్నాడు చెన్నబసప్ప. "రేపు పొద్దుగాల రాండ్రి, నడిపి సూపిస్త."

ఆమె పిస్టల్ ఆయన కణతకి ఆనించింది. ముసలాయన కొరియర్ పెట్టె స్విచ్ వేశాడు. అరచేతిలో పట్టే చిన్న తెర ఆకుపచ్చగా వెలిగింది. సుమిత్ర లిప్‌స్టిక్ మూత తిప్పింది. అది వైర్‌లెస్ మైక్. చెక్‌పోస్టులు పెట్టెని ఆపుతాయి కానీ గాలిని ఆపవు కదా. హైవే మీద శత్రువుల కారు ఏదో వింటోంది.

"ఒకటి," అంది సుమిత్ర. "రామ్‌కిషన్. దుబాయ్. గడియారాల షాపు."

ఆమె ఎవరి మనిషో విరూపాక్షకి అప్పుడు అర్థమైంది. అదే క్షణంలో డ్రైవ్ కరకరమని గీరింది. తెర మీద "రీడ్ ఎర్రర్" అని పడింది. సుమిత్ర మళ్లీ నొక్కింది. అక్షరాలు మసగ్గా పేరుకుంటున్నాయి, రెండో పేరు రాబోతోంది. విరూపాక్ష తలుపు తన్ని ఆమె మణికట్టు విరిచాడు. పిస్టల్ పైకప్పులోకి పేలింది. కంప్యూటర్‌లోంచి సన్నగా పొగ లేచి తెర ఆరిపోయింది.

ఆమెకి సంకెళ్లు వేస్తుంటే చెన్నబసప్ప డ్రైవ్ విప్పి చూశాడు. ఫ్లాపీ నిండా ఎర్రటి గీతలు.

"నేనే ఖరాబ్ చేసిన సార్," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "బొట్టు పెడుతుంటే దాని నోట్లె గింత కుంకుమ రాలింది. తుడుస్తే పూజ చెడ్తదని ఇడిసిపెట్టిన."

పది ప్రాణాలు నిలబెట్టావు తాతా, అని చెప్పాలనుకున్నాడు విరూపాక్ష. అంత సమయం లేదు. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్‌కి పరిగెత్తి, అన్నిటికంటే ముందు కలిపే లైట్నింగ్ కాల్ ఢిల్లీకి బుక్ చేశాడు. రామ్‌కిషన్‌ని ఇప్పుడే దాచండి అని మూడుసార్లు అరిచాడు. ఫైలు పైకి పంపామని, ఆమోదం రావాలని డ్యూటీ ఆఫీసర్ చల్లగా చెప్పాడు.

ఆమోదం మర్నాడు పదకొండింటికి వచ్చింది. రామ్‌కిషన్ తొమ్మిదింటికే ఐదో అంతస్తు నుంచి జారిపడ్డాడు.

చీఫ్ విరూపాక్షని పిలిపించి చెయ్యి కలిపాడు. రామ్‌కిషన్ భార్యకి ఎవరు చెబుతారని విరూపాక్ష అడిగాడు.

"ఆ పేరుతో మన దగ్గర ఎవరూ పనిచెయ్యలేదు. రికార్డు సరిచేశాం," అన్నాడు చీఫ్. "లిస్టులో ఉన్నవి పది పేర్లే. ఒక్కటీ బయటికి పోలేదు. కంగ్రాచ్యులేషన్స్."