చప్పటి సముద్రం

కూర దించి కోడలు చేతులు కడుక్కునేలోపు అత్త వచ్చి గుప్పెడు ఉప్పు అందులో పడేసి పోయింది. అడిగింది లేదు, చెప్పింది లేదు. కోడలు ఈ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచీ ఇదే తంతు. "నువ్వొచ్చిన దగ్గర్నుంచి నోటికేదీ రుచిగా లేదే చప్పిడీ" అనేది అత్త, చుట్టాల ముందైనా సరే. ఆ పేరే ఖాయమైపోయింది. కొడుకు లిఫ్టు మెకానిక్కు. ఏ అంతస్తులో ఇరుక్కున్న వాళ్ళనైనా కిందికి దించుతాడు గానీ, తల్లికీ పెళ్ళానికీ మధ్య మాత్రం నోరు మెదపడు. ఉప్పు కషాయంలాంటి ఆ కూర మింగి, రెండు గ్లాసుల నీళ్ళు తాగి, బాగుందని లేచిపోతాడు. ఇంట్లో శాంతి అని మగవాళ్ళు పేరు పెట్టుకునేది దీనికే. ఆ శాంతి కోసం ఆడది ఎంత ఏడ్చిందో లెక్క ఎవడికి కావాలి...

ఆ రోజు కోడలు కంచం పక్కకు నెట్టింది.

"వేరే ఇల్లు చూడండి. ఇక నావల్ల కాదు."

"మరి అమ్మ?"

"ఆవిడకి ఉప్పు డబ్బా ఉందిగా."

ఆ ఇంట్లో ఆమెదంటూ ఉన్నది ఒక్కటే, హాల్లో బల్ల మీది ఉప్పునీళ్ళ తొట్టి. కళ్ళాసుపత్రిలో చీటీలు రాసే ఉద్యోగం ఆమెది. అక్కడి పెద్ద తొట్టిని చూసి ముచ్చటపడి, దాన్ని శుభ్రం చేసే అతన్ని అడిగి అన్నీ నేర్చుకుంది. ఇసుక పరిచింది, రాళ్ళు పేర్చింది. తొట్ల కోసమే అమ్మే ఉప్పును నీళ్ళలో కలిపి, ఉప్పు పాళ్ళు కొలిచే డబ్బాలో ముల్లు సరైన గీత మీదికి వచ్చాకే తొట్టిలో పోసింది. ఆ నీళ్ళు ముదరాలి. మురికిని అరిగించుకునే సూక్ష్మజీవులు రాళ్ళలో పుట్టేదాకా చేపను వదలకూడదు. వారాల తరబడి ఖాళీ తొట్టి.

"నీ పెళ్ళాం నీళ్ళకి కాపలా కాస్తోందిరా" అని అత్త ఎగతాళి చేసింది.

చివరికి ఒక్క చేప వచ్చింది. నారింజ రంగు ఒళ్ళు, తెల్ల పట్టీలు. కోడలు పనికి వెళ్ళగానే అత్త కుర్చీ లాక్కుని తొట్టి ముందు కూర్చునేది. "ఏరా బుజ్జీ, తిన్నావా?" అని పలకరించేది. ఈ సంగతి ఎవరికీ తెలియదు.

వేరింటి మాట అన్న వారానికి, పని నుంచి వచ్చేసరికి చేప ఒక మూలకు చేరి, మొప్పలు ఎగరేస్తూ రొప్పుతోంది. కోడలు చేతిసంచీ అక్కడే పడేసింది. నీళ్ళు కొలిచి చూసింది. ముల్లు గీత దాటి ఎక్కడికో పోయింది. ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు అక్కడే ఉండిపోతుంది. అందుకే తగ్గినంత మేరకు ఆమె రోజూ ఉత్త నీళ్ళే పోస్తోంది. మరి ఈ ఉప్పెక్కడిది?

"ఎవరేం కలిపారు ఇందులో?"

"నేనే" అంది అత్త కుర్చీలోంచి. "రోజూ నువ్వు ఉత్త నీళ్ళు పోసి పోతున్నావు. వేలు ముంచి నోట్లో పెట్టుకుంటే చప్పగా ఉంది. సముద్రపు జీవి కదా పాపం, అలమటించిపోతుందని రోజూ ఓ గుప్పెడు వేశాను."

అరవడానికి నోరు తెరిచిన కోడలు ఆగిపోయింది. చప్పగానా... తనూ వేలు ముంచి రుచి చూసింది. గొంతు దాకా మండింది.

వంటింట్లోకి వెళ్ళి రాళ్ళుప్పు తెచ్చింది.

"అత్తయ్యా, నోరు తెరవండి."

ఆవిడ చప్పరించి మొహం చిట్లించింది.

"ఇదేమిటే, నోట్లో ఇసుక పోశావు?"

కోడలి చేతిలో మిగిలిన ఉప్పుకేసి చూసి, పెద్దావిడ మెల్లగా తల దించుకుంది.

"సరిగ్గా మీ పెళ్ళికి ముందే పెద్ద జ్వరం పడ్డాను... అప్పట్నుంచీ అన్నీ ఇలాగే ఉన్నాయి. నీ చేతి వంటే అంత అనుకున్నాను. ఈమధ్య నా చేత్తో చేసుకున్నదీ అలాగే ఉంటే భయమేసింది. చెబితే వంటింట్లోకి రానివ్వరేమోనని... చప్పిడి నాలుక నాదైతే, నీకు పేరు పెట్టానా తల్లీ..."

కోడలికి కోపం పోలేదు. ఇన్నేళ్ళ అవమానం ఒక్క మాటతో పోతుందా? అయినా ఆవిడ అలా తల దించుకోవడం చూడలేకపోయింది. మగ్గు తెచ్చి అత్త చేతుల్లోనే పెట్టింది.

"కొంచెం నీళ్ళు తీసి, కొంచెం మంచినీళ్ళు పోద్దాం. నిదానంగా, అత్తయ్యా. ఒక్కసారిగా మారిస్తే తట్టుకోలేదు."

మర్నాటికి చేప ఆ మూల వదిలి బయటికొచ్చింది. అన్నాల దగ్గర అత్త చెయ్యి అలవాటుగా ఉప్పు డబ్బా మీదికి పోయి, ఆగింది. డబ్బాను కోడలి వైపు జరిపింది.

"కూరలో ఉప్పెలా ఉందే?"

"సరిపోయింది అత్తయ్యా."

"అయితే సరిపోయినట్టే."

కొడుకు రెండో గ్లాసు అందుకున్నాడు. అక్కర్లేక కింద పెట్టేశాడు.

"ఇల్లొకటి చూశాను" అన్నాడు మెల్లగా.

కోడలు తొట్టికేసి చూసింది.

"ఇప్పుడిప్పుడే కుదురుకుంటోంది. కదపొద్దులెండి."