ఎడమ వెనక సీటు బెల్టు

వేలానికి కడుపు నిండా తిని వెళ్ళాలంటాడు మా అన్నయ్య ఫలనికో. ఆకలి మీద ఉన్నవాడు తొందరపడి చెయ్యి ఎత్తేస్తాడట. ఆ శనివారం మాంగెరె సంతలో ఆగి, కొబ్బరిపాలు పోసి కాల్చిన బన్నులు నాచేత తినిపించి మరీ పాత కార్లు వేలం వేసే యార్డుకి తీసుకెళ్ళాడు.

"ఇంకోటి తిను మసీనా."

"పందిని మేపినట్టు మేపుతున్నావేంటి? నన్నే వేలం వేస్తావా?"

"నిన్నెవరు కొంటారే!"

నవ్వాను కానీ, మనసులో నవ్వు లేదు. అమ్మకి కిడ్నీలు పోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. మా పాత కారు మూలపడ్డాక ఇరుగుపొరుగుల్ని బతిమాలి తీసుకెళ్తున్నాను. మొన్న వస్తానన్నవాళ్ళు రాలేదు. అమ్మ గడప దగ్గర ఎదురుచూసి ఎదురుచూసి, అక్కడే కూలబడిపోయింది. సోమవారానికల్లా బండి కావాలి. అంతే.

యార్డులో వెండిరంగు వ్యాను ఒకటి నచ్చింది. తలుపు జరిపి తీసేది, అమ్మ ఎక్కడానికి వీలుగా ఉంది. అక్కడ బండి స్టార్ట్ చేసి చూడనిస్తారు, నడపనివ్వరు. అందుకే అన్నయ్య పట్టిపట్టి చూశాడు. ఇంజనులో నూనె కొలిచే పుల్ల తీసి వాసన చూశాడు. స్టెప్నీ కింద తుప్పు లేదన్నాడు. దొంగబండి కాదనీ, దాని మీద అప్పు లేదనీ ఫోన్లో వెతికి తేల్చాడు.

"ఇక బెల్టులు. ఆఖరిదాకా లాగి చూడు. వరదలో మునిగిన బండికి ఎంత ముఖం కడిగినా, బెల్టు చివర బురద దాగదు."

ఒక్కొక్కటే లాగాను. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఎడమ పక్క వెనక సీటుకొచ్చాను. ఖాళీ సీటుకి బెల్టు పెట్టే ఉంది. ఎర్ర బటన్ నొక్కాను. ఊడలేదు. వదులు చేద్దామని బెల్టు కింద చెయ్యి దూర్చాను.

బెల్టు కదిలింది. పైకి... కిందికి... పైకి... ఊపిరిలా.

చెయ్యి లాక్కున్నాను. వేళ్ళు తడిగా ఉన్నాయి. కాలవ బురద వాసన.

"అన్నయ్యా, ఇది ఊడట్లేదు."

వచ్చి తనూ చెయ్యి పెట్టాడు. ముఖం పాలిపోయింది. "వద్దు. పద. ఒక్క బెల్టు సరిగా లేకపోయినా బండి కొనకూడదు."

"చెయ్యెందుకు తుడుచుకుంటున్నావు?"

"పద అన్నానా!"

నాకు మొండితనం పుట్టింది. ఇంజను బంగారంలా ఉంది. ఒక బెల్టుకి భయపడి అమ్మని మళ్ళీ గడపలో కూర్చోబెట్టనా? వేలంపాట మొదలవగానే చెయ్యి ఎత్తాను. ఇంకెవరూ ఎత్తలేదు. అటు చూడనైనా చూడలేదు.

"ఒకటోసారి... రెండోసారి... మూడోసారి!"

పక్కనున్న ముసలి వ్యాపారి నిట్టూర్చాడు. "పోనీలే, ఈసారైనా ఈ బండి తిరిగి రాకుండా ఉంటే చాలు తల్లీ."

మధ్యాహ్నం ఇంటికి బయల్దేరాను. అన్నయ్య తన ట్రక్కులో ముందు వెళ్తున్నాడు. సన్నగా తుంపర. వైపర్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. వంతెన దిగుతుంటే వెనక... టిక్. బెల్టు బిగిసిన చప్పుడు.

అద్దంలో చూశాను. ఖాళీ సీటు. బెల్టు మాత్రం ముందుకి ఉబ్బి ఉంది.

బండి పక్కకి తీసి ఆపాను. పాదాలు చల్లబడ్డాయి. కిందికి చూస్తే నల్లటి నీళ్ళు. మడమల దాకా... మోకాళ్ళ దాకా... తలుపు తెరుచుకోలేదు. అద్దం దిగలేదు. హారన్ మూగబోయింది. బయట బస్టాపులో ఒకాయన గొడుగు కింద అరటిపండు ఒలుచుకుంటున్నాడు. అద్దం మీద రెండు చేతులతో బాదాను. ఆయన నావైపే చూశాడు. తాపీగా అరటిపండు కొరికాడు.

నీళ్ళు నడుము దాటాయి.

భయం ఎంత వేసిందో, కోపం అంతకంటే ఎక్కువ వచ్చింది.

"ఎవరు నువ్వు? నన్ను ముంచుతావా? సోమవారం మా అమ్మ ఈ బండెక్కాలి! దీన్ని వదలను. చేతనైంది చేసుకో!"

తర్వాత వెనక నుంచి, నీళ్ళు మింగుతున్న గొంతుతో, చిన్న గుసగుస...

"ఆంటీ... ఊడట్లేదు..."

పిల్ల. ముంచడం కాదది. మునిగిపోవడం.

నేను చేపల షెడ్డులో పనిచేస్తాను. నా కత్తి ఎప్పుడూ గుడ్డలో చుట్టి సంచిలోనే ఉంటుంది. తీశాను. సీట్ల మధ్య నుంచి వెనక్కి పాకాను. నీళ్ళు గొంతు దాకా వచ్చాయి. చీకట్లో బెల్టు కోసం తడిమితే ఐదు చిన్న వేళ్ళు నా మణికట్టుని పట్టుకున్నాయి. మంచులా ఉన్నాయి.

"వదలకమ్మా. వచ్చేశాను. కోసేస్తున్నా."

ఊపిరి బిగబట్టి మునిగాను. కోశాను... కోశాను... బెల్టు తెగింది. ఏదో నా చెంపని రాసుకుంటూ పైకి పోయింది. తలుపు దానంతటదే జరిగి తెరుచుకుంది.

నీళ్ళు లేవు. నా బట్టలు పొడిగా ఉన్నాయి. తెగిన బెల్టు నా ఒళ్ళో ఉంది. అన్నయ్య ట్రక్కు ఆపి పరిగెత్తుకొస్తున్నాడు.

జరిగింది విని, "రేపే అమ్మేద్దాం," అన్నాడు.

"ఎవరికి? ఇంకెవరి పిల్లలు కూర్చోవాలి అందులో? బండి నాది. నా దగ్గరే ఉంటుంది."

ఆదివారం చర్చి నుంచి వచ్చాక, అన్నయ్య కొత్త బెల్టు బిగించడానికి కూర్చున్నాడు. కాసేపటికి మెల్లగా పిలిచాడు.

"మసీనా... నువ్వు దీన్ని రెండు ముక్కలుగా కోశావు కదూ?"

వెళ్ళి చూశాను. పాత బెల్టు ఒక్కటిగా ఉంది. నేను కోసిన చోట కుట్లు. దగ్గరదగ్గరగా, ఓపిగ్గా, తల్లి పిల్ల గౌనుకి వేసినట్టు. దాని కింద మరో కుట్ల వరస. ఇంకా కింద మరొకటి, రంగు వెలిసిపోయి.

నా కంటే ముందు కూడా ఎవరో కోశారు. ఎవరో మళ్ళీ కుట్టారు.

"సంచిలోంచి నా కత్తి ఇటివ్వు," అన్నాను. "ఎన్నిసార్లు కుడితే అన్నిసార్లు కోస్తాను."

అన్నయ్య కదల్లేదు. కుట్టు మీద వేలు పెట్టి చూస్తున్నాడు.

"ఇది దారం కాదే..."

పొడవాటి నెరిసిన వెంట్రుక. ఒక కొస ముడి వేసి ఉంది. రెండో కొస సీటు సందులోకి పోతోంది... బిగువుగా, లోపలి నుంచి ఎవరో పట్టుకున్నట్టు.