హేమ మెయిలు, హేమ నంబరు

"ఈ మెయిలు ఎవులిది? నాదా, మా అన్నదా?"

హేమ అడిగిన తీరుకి శ్రీకాకుళం బస్టాండు పక్కనున్న ఆ నెట్ సెంటర్లో కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. సెంటర్ చూసుకునే హరిబాబు తల గోక్కున్నాడు.

సెంటర్లో కొత్త కంప్యూటర్లు పెట్టేసరికి ఆమె మెయిలుకి అనుమానం వచ్చింది. ఫోనుకి పంపిన కోడ్ కొడితేగానీ తెరుచుకోనంటోంది. కోడేమో హేమ అన్న ఎర్రన్న ఫోనుకి వెళ్ళింది. ఎర్రన్న తెల్లారకముందే వేటకెళ్ళాడు. నడిసముద్రంలో సిగ్నల్ ఎక్కడిది?

మెయిల్లో ఉన్నది విశాఖ ఆసుపత్రి నుంచి ఇంటర్వ్యూ లెటరు. ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగం. సాయంత్రం ఐదులోగా జవాబు రాకపోతే ఇంకొకరిని పిలుస్తామని ఫోన్ చేసి మరీ చెప్పారు.

"ఆడపిల్లల మెయిలుకి ఇంట్లో మగవాళ్ళ నంబరే పెడతాం హేమగారూ. అందరికీ అలాగే..."

"నాకు ఫోన్ లేదా?"

"ఉంది."

"మరి నంబరు అడిగినావా?"

హరిబాబు అడ్డంగా తలూపాడు. ఏడాదిగా ప్రతి మంగళవారం ఆమె కోసం కిటికీ పక్క సిస్టం ఖాళీగా ఉంచుతున్నాడు. వానొస్తే తన గొడుగు ఇచ్చి తను తడుస్తాడు. ఇదంతా హేమకి తెలుసు. తెలియనట్టు ఉండడం ఆమెకి సరదా. అందుకే ఇప్పుడు కోపం రెట్టింపైంది.

"ఊళ్ళో ఎవులూ అడగరు, సరే. నువ్వైనా అడుగుతావనుకున్నాను."

ఆ మాట అతనికి గట్టిగానే తగిలింది. కుర్చీ ఆమె వైపు జరిపాడు.

"తప్పు నాదే. కొత్తది పెట్టుకోండి, మీ నంబరు మీద."

అన్నీ హేమే కొట్టింది. పాస్‌వర్డు దగ్గరికొచ్చేసరికి ఆమె చెప్పకుండానే అతను అటు తిరిగాడు. వెంటనే ఆమె ఆసుపత్రికి ఫోన్ చేసింది. అప్లికేషన్లో రాసిన మెయిలుకే పంపుతామన్నారు.

"ఉద్యోగం చేసేది మా అన్న కాదు సార్, నేను. నా మార్కులు, సర్టిఫికెట్ నంబర్లు ఏవైనా అడగండి, చెప్తాను. లెటరు మాత్రం నా మెయిలుకే పంపండి."

అడిగారు. గడగడా చెప్పింది. నాలుగూ నలభైకి లెటరొచ్చింది, నాలుగూ నలభై అయిదుకి జవాబు వెళ్ళింది.

అప్పుడే ఎర్రన్న రొప్పుతూ వచ్చాడు. "ఒడ్డుకొచ్చేసరికి ఫోన్లో కోడున్నాది. ఎవుడో నీ మెయిలు తెరస్తన్నాడనుకున్నాను."

సంగతి విని హరిబాబు వైపు తిరిగాడు. "ఐతే కొత్తదానికీ నా నంబరే పెట్టీ బాబూ."

ఊరందరి పడవల కాగితాలూ ఈ సెంటర్‌కి తెచ్చేది ఎర్రన్నే. ఆ బేరం పోతే పోనీ అనుకున్నాడు హరిబాబు.

"మెయిలు ఆమెది. ఆమె చెప్తేనే పెడతాను."

"నాను సెప్పను," అంది హేమ. "వల ఎక్కడెయ్యాలో నీకు నానెప్పుడైనా సెప్పినానా అన్నా? ఇదీ అంతే."

ఎర్రన్న గొణిగాడు, గానీ నంబరు పెట్టమని మళ్ళీ అనలేదు.

మూడు వారాలకి ఉద్యోగం ఖాయమైంది. విశాఖ బస్సెక్కే ముందు హేమ నేరుగా సెంటర్‌కి వచ్చింది. వెనకే సూట్‌కేసు మోసుకుంటూ ఎర్రన్న.

"నీ మెయిలు సెప్పు," అంది హరిబాబుతో.

అతను బోర్డు మీదున్నది చదివాడు.

"అది మీ ఓనరుది. నీదడిగినాను."

లేదు. జిల్లాలో సగం మందికి మెయిళ్ళు పెట్టిన మొనగాడికి సొంతానికి ఒకటి లేదు. హేమ పగలబడి నవ్వి, అతన్ని లేపి తను కూర్చుంది.

"నీ నంబరు సెప్పు. అడిగే పెడతన్నాను సూడు."

చెప్పాడు. మెయిలు సిద్ధమయ్యాక ఆమె తనది తెరిచి, అతనికి కనపడకుండా తెరకి చెయ్యి అడ్డంపెట్టి టైపు చేయడం మొదలుపెట్టింది.

"బస్సెల్లిపోతాది. ఏటే రాస్తన్నావు?" అన్నాడు ఎర్రన్న గుమ్మంలోంచి.

"నాకు నచ్చినోడికి ఉత్తరం రాస్తన్నాను అన్నా. అయిపోనీ, కూకో."

ఎర్రన్న చెల్లెలిని చూశాడు. హరిబాబుని ఎగాదిగా చూశాడు. తర్వాత సూట్‌కేసు కిందపెట్టి, దాని మీదే కూర్చున్నాడు.