గిన్నె అడుగున నాణెం

శనివారం పొద్దున్నే అరటాకు పొట్లాలన్నీ ఆవిరి గిన్నెలో సర్ది, మూత పెట్టి, రెమెదియోస్ కూతురివైపు తిరిగింది. "ఇంకేం చెయ్యమంటారు?" అని అడిగింది.

డెల్ఫినా ఫోనులోంచి తలెత్తకుండానే పొయ్యి దగ్గర కూర్చోమంది. కన్నతల్లి తనను 'మీరు' అందన్న సంగతి ఆమె చెవికెక్కనే లేదు. మధ్యాహ్నం భోజనానికి రాజధాని నుంచి ఎనిమిదిమంది వస్తున్నారు. పెరట్లో బల్లలు తుడవాలి, గుమ్మానికి పూలు కట్టాలి. మనసు అక్కడుంది.

గుమ్మం పైన బోర్డు మీద 'డెల్ఫినా వంటిల్లు' అని ఉంటుంది. మొక్కజొన్న పిండిలో మోలే అనే నల్లటి మిరప కూర కూరి అరటాకులో ఉడికించిన తమాలెలు, నురగ కట్టిన చాక్లెట్, బెల్లం పాకంలో గుమ్మడికాయ, ఎర్రపూల షర్బత్. వచ్చినవాళ్ళు రుచి చూసి డెల్ఫినా చెయ్యి పట్టుకుని మెచ్చుకుంటారు. ఆ రుచిలో డెల్ఫినా చెయ్యి ఎంత ఉందో, ఒహాకా ఊళ్ళో ఆ వీధి కుక్కకి కూడా తెలుసు. బోర్డు మీద కూతురి పేరున్నందుకు రెమెదియోస్ ఎప్పుడూ ఏమీ అనుకోలేదు. వచ్చినవాళ్ళతో వాళ్ళ భాషలో గడగడా మాట్లాడగలిగేది అదే కదా అనేది.

పోయిన శనివారం మాత్రం ఒకటి జరిగింది. అతిథులు బల్లల దగ్గర ఉండగా రెమెదియోస్ ఉత్త కాళ్ళతో, మోచేతుల దాకా మోలే మరకలతో బయటికి వచ్చి, చాక్లెట్ నీళ్ళలా ఉందని కూతుర్ని తమ జపోటెక్ భాషలో చడామడా తిట్టింది. అతిథుల్లో గ్రసియేలా అనే పెద్దావిడ నవ్వి, ఎవరావిడ అని అడిగింది.

"మా ఇంట్లో పనికి వస్తుందండీ," అంది డెల్ఫినా.

ఎందుకలా అందో ఆమెకే తెలియదు. నాలుక అనేసింది. ఆ క్షణం నుంచి వారమంతా తల్లి మొహంలోకి చూడలేకపోయింది. అమ్మ అప్పటికే లోపలికి వెళ్ళిపోయింది, విని ఉండదు అని రోజుకి పదిసార్లు తనకి తాను చెప్పుకుంది. ఇప్పుడు అదే గ్రసియేలా స్నేహితుల్ని వెంటబెట్టుకుని మళ్ళీ వస్తోంది.

పదకొండు దాటాక డెల్ఫినా భర్త అబ్దోన్ ముక్కు ఎగబీల్చి, ఏదో మాడుతోందన్నాడు. డెల్ఫినా పరుగెత్తి మూత తీసింది. అడుగు వరస నల్లగా మాడింది. పైవరసలో పిండి ఇంకా పచ్చిగా వేలికి అంటుకుంది. గిన్నెలో చుక్క నీరు లేదు.

ఆ ఊళ్ళో ఆవిరి గిన్నె అడుగున ఒక నాణెం వేస్తారు. నీళ్ళు మరుగుతున్నంతసేపూ అది గలగలమంటూనే ఉంటుంది, ఆగిందంటే నీళ్ళు పొయ్యాలి. పక్కింటి గిన్నెలో నాణెం ఆగినా రెమెదియోస్‌కి వినబడుతుంది. అమ్మ వింటుంది కదా అని డెల్ఫినా ఏనాడూ చెవి పెట్టలేదు.

"అమ్మా, నాణెం ఆగితే వినలేదా?"

"విన్నాను."

"మరి చెప్పలేదేం?"

రెమెదియోస్ కొంగుతో చేతులు తుడుచుకుంది. "పనికి వచ్చేవాళ్ళు చెప్పిన పని చేస్తారండీ. కూర్చోమన్నారు, కూర్చున్నాను."

ఆ మాట తను అన్నదేనని డెల్ఫినాకి తెలిసిపోయింది. అమ్మ వింది. వారమంతా మనసులో పెట్టుకుని, పిండి రుబ్బి, కూర వండి, రాత్రి తన మంచం మీద దుప్పటి కూడా సర్దింది.

అంతలో ముసలావిడే లేచి గిన్నె ముందు వంగింది. "నా చేత్తో ఇన్నేళ్ళలో తిండి పాడవలేదు. కోపం పిండి మీద చూపించాను. నాకూ సిగ్గుగానే ఉంది." అంటూ మాడిన పొట్లాలు ఏరి పక్కన పెట్టింది. మంచివి మళ్ళీ సర్ది, నీళ్ళు పోసి, మూత వేసింది. నాణెం గలగల మొదలైంది.

గుమ్మంలో నవ్వులు వినబడ్డాయి. గ్రసియేలా లోపలికి వస్తూనే ఒక సంచీ అందించింది. "మీ పనావిడ ఏదమ్మా? పాపం ఆ రోజు ఉత్త కాళ్ళతో తిరిగింది. ఆమెకని పాత చెప్పులు, రెండు గౌన్లు తెచ్చాను."

డెల్ఫినా ఆ సంచీ పట్టుకుని నిలబడిపోయింది. బరువు లేని ఆ సంచీ ఎత్తలేనట్టు అనిపించింది. తీసుకుని లోపల దాచేస్తే సరిపోతుంది. ఎవరికీ తెలియదు.

"పనావిడ లేదండీ," అంది. కన్నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. "ఆవిడ మా అమ్మ. మీరు మెచ్చుకున్నవన్నీ ఆవిడ చేసినవే. ఆ రోజు నేను అబద్ధం చెప్పాను. మా భాష మీరు విన్నారని సిగ్గుపడ్డాను. ఇవాళ తమాలెలు ఆలస్యమవుతాయి, అదీ నా వల్లే."

గ్రసియేలా ఎర్రబడ్డ మొహంతో సంచీ వెనక్కి తీసుకుని బల్ల కిందికి తోసేసింది. డెల్ఫినా లోపలికి వెళ్ళి, రానని గింజుకుంటున్న తల్లిని చెయ్యి పట్టి తీసుకొచ్చి, అతిథుల మధ్య కుర్చీలో కూర్చోబెట్టింది. తానే చాక్లెట్ పోసింది. రెమెదియోస్ ఒక గుక్క తాగింది గానీ కూతురితో మాట్లాడలేదు. గ్రసియేలా ఏదో అడిగితే ముక్తసరిగా జవాబిచ్చింది. డెల్ఫినా తలవంచుకుని గుమ్మడికాయ ముక్కలు వడ్డిస్తూ తిరిగింది.

సగం మాటలో రెమెదియోస్ చెవి రిక్కించింది. తరవాత పెరడంతా వినబడేలా, తమ జపోటెక్‌లోనే కేకేసింది.

"ఏమే డెల్ఫీ, నాణెం ఆగింది, వినబడట్లేదా నీకు? వెళ్ళి నీళ్ళు పొయ్యి!"

"పోస్తున్నానమ్మా," అని అదే భాషలో అరిచి, డెల్ఫినా ఏడుస్తూ పొయ్యి దగ్గరికి పరుగెత్తింది.