వెళ్ళొస్తామన్న మాట

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు అమ్మి చూడు అని మాత్రం ఎవరూ అనలేదు. ఆ రోజుల్లో ఇల్లు అమ్మడమంటే తలవంపులు, అందుకని ఆ మాట నోటికి రానిచ్చి ఉండరు. ఇల్లినాయ్‌లోని అరోరాలో ఉన్న దేదీప్యకి అలాంటి బెంగలేవీ లేవు. ఆఫీసువాళ్ళు టీమ్ మొత్తాన్ని టెక్సస్‌లోని ప్లేనోకి మార్చారు, ఎండలు ముదిరేలోపు అక్కడ చేరాలి. "నేనే కొన్నాను, నేనే అమ్ముతాను, ఇందులో ఏడవడానికేముంది" అంది.

తనతో ఉండే పెద్దమ్మ ఛాయాదేవి, "అమ్ము తల్లీ, గుమ్మంలో వేలాడే గుమ్మడికాయ మాత్రం నాతోనే వస్తుంది" అంది.

ఆ గుమ్మడికాయ దగ్గరే మొదలైంది గొడవ.

ఏజెంటు కుర్రాడి పేరు ఈషాన్. పుట్టిందీ పెరిగిందీ ఆ చుట్టుపక్కలే. తెలుగు మాట్లాడితే నోట్లో ఐసుముక్క పెట్టుకుని మాట్లాడినట్టుంటుంది. శనివారం పొద్దున, కొనేవాళ్ళకి ఇల్లు చూపించే మొదటి వ్యూయింగ్ పెట్టాడు. ముందుగానే వచ్చి, గుమ్మంలో తల పైకెత్తి నిలబడిపోయాడు.

"దేదీప్య గారు, ఇది వెజిటబులా?"

"దిష్టి గుమ్మడికాయ."

"తీసేద్దామా? బయ్యర్స్ తలకి తగులుతుంది."

"పొట్టి బయ్యర్స్‌ని తీసుకురండి."

అతను లోపలికొచ్చి ముక్కు ఎగబీల్చాడు. "ఈ స్మెల్ ఏంటి?"

"ఇంగువ. పప్పులో తాలింపు."

"వ్యూయింగ్ ముందు కుకింగ్ వద్దు అని చెప్పాను కదా. ఇల్లు న్యూట్రల్‌గా ఉండాలి."

"మనుషులున్న ఇంట్లో మనుషుల వాసనే వస్తుందండీ. న్యూట్రల్‌గా కావాలంటే హాస్పిటల్ కొనుక్కోమనండి."

ఈషాన్ కిటికీలన్నీ తనే తెరిచి, బ్యాగులోంచి కొవ్వొత్తి తీసి వెలిగించాడు. ఇల్లంతా వెనీలా గుప్పుమంది.

"బాబూ, ఇది బిస్కట్ల వాసన" అంది ఛాయాదేవి. "వచ్చినవాళ్ళు బిస్కట్లేవీ అని అడిగితే ఏం పెడతావు?"

ఈషాన్ నవ్వేశాడు. నవ్వితే ఎడమ బుగ్గన సొట్ట పడుతుంది. దేదీప్య చూసింది. చూసి, చూడనట్టు కిటికీ పరదా సర్దింది. అది అంతకుముందే సర్ది ఉంది.

ఇల్లు చూపించేటప్పుడు ఇంటివాళ్ళు ఉండకూడదట. పెద్దమ్మా కూతురూ వీధి మలుపులో కారు ఆపుకుని కూర్చున్నారు. పప్పున్న కుక్కరు ఛాయాదేవి ఒళ్ళో ఉంది.

"మా పుట్టింట్లో ఎవరైనా వస్తున్నారంటే వీధి చివరిదాకా ఎదురెళ్ళేవాళ్ళం" అందావిడ. "ఇక్కడ వస్తున్నారంటే ఇల్లొదిలి పారిపోతున్నాం. మీ దేశం నాకు అర్థం కాదే."

ఆ రోజు వచ్చిందంతా మనవాళ్ళే. ముందు నేపర్‌విల్ నుంచి రాఘవులు గారు, ఆయన భార్య. ఆయన ఫోన్లో దిక్సూచి పెట్టుకుని గదిగదికీ తిరిగాడు. ఆవిడ వంటిల్లు ఆగ్నేయంలోనే ఉందా అని రెండుసార్లు అడిగింది. వాళ్ళ వెనకాల ఇంకొందరు. అందరూ వెళ్ళాక ఈషాన్ సన్నటి చినుకుల్లో కారు దాకా పరుగెత్తుకొచ్చాడు.

"అందరికీ నచ్చింది. సెకండ్ విజిట్ పక్కా."

"అందరికీనా?"

"అందరూ గుమ్మం దగ్గర ప్రామిస్ చేశారు, మళ్ళీ వస్తాం అని. రేపు సండే మొత్తం వాళ్ళకోసం ఖాళీగా పెట్టాను. ఇంకో ఏజెంట్ ఒక కపుల్‌ని తెస్తానంది, ఫుల్ అని చెప్పేశాను."

అతని ధీమా చూసి దేదీప్యకి కూడా హుషారొచ్చింది.

ఆదివారం ఇల్లు అద్దంలా తుడిచి పెట్టారు. వాన కూడా అద్దం తుడుస్తున్నట్టే కురుస్తోంది. పొద్దున ఎవరూ రాలేదు. మధ్యాహ్నం దాటినా ఎవరూ రాలేదు. ఈషాన్ ఫోన్ చూస్తాడు, వీధి చూస్తాడు, మళ్ళీ ఫోన్ చూస్తాడు.

చివరికి దేదీప్య అడిగింది. "వాళ్ళేమన్నారు? వాళ్ళ మాటల్లోనే చెప్పండి."

"మంచిది బాబూ, వెళ్ళొస్తాం అన్నారు. వెళ్ళి, వస్తాం. గో, దెన్ కమ్ బ్యాక్."

ఛాయాదేవి చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దేదీప్యకి కొంగు లేదు, మెట్ల మీద కూలబడి కడుపు పట్టుకుని నవ్వింది.

"ఏంటి, గ్రామర్ తప్పా?" అన్నాడు పాపం ఈషాన్.

"గ్రామర్ బంగారం. అది బై చెప్పడమండీ బాబూ."

"బై అంటే వెళ్తాం కదా?"

"గుమ్మంలో నిలబడి వెళ్తాం అనకూడదు నాయనా" అంది ఛాయాదేవి. "అలా అంటే మళ్ళీ మొహం చూడనన్నట్టు. అందుకని వస్తాం అంటాం."

"రాకపోయినా?"

"రాకపోయినా."

"అంటే అందరూ గుమ్మంలో అబద్ధం చెప్తారా?"

"అబద్ధం కాదు, మర్యాద. మీ ఇంట్లో ఏమంటారు?"

"బై, లవ్ యూ అంటాం ఆంటీ."

దేదీప్య ఇంకా నవ్వేదే గానీ, వద్దని పంపేసిన జంట గుర్తొచ్చింది. నవ్వు అక్కడికక్కడే ఆగిపోయింది. "నిజంగా కొనడానికి వచ్చేవాళ్ళని కాదన్నారన్నమాట."

అతని మొహం వాడిపోయింది. కానీ సాకు చెప్పలేదు. బయటికి వెళ్ళి, వానజల్లు మీద పడుతున్నా అలాగే నిలబడి ఆ ఏజెంట్‌కి ఫోన్ చేశాడు. "తప్పు నాది, ఓనర్‌ది కాదు" అని ఇంగ్లీషులో చెప్పడం తలుపు సందులోంచి దేదీప్యకి వినిపించింది. తప్పు తన నెత్తినే వేసుకునే మగవాడిని ఆ పిల్ల ఆఫీసులో కూడా చూడలేదు.

తడిసి ముద్దై లోపలికొచ్చాడు. "రేపు ఈవినింగ్ వస్తారు" అని, చొక్కా మీది నీళ్ళు దులుపుకుని, "ఈసారి ఇంగ్లీషులో చెప్పారు" అన్నాడు.

ఛాయాదేవి తువ్వాలిచ్చి, పప్పన్నంలో నెయ్యి వేసి కంచం చేతికిచ్చింది. మొదటి ముద్ద తిన్నాడు.

"అస్సలు న్యూట్రల్‌గా లేదు ఆంటీ" అని ఇంకాస్త పెట్టించుకున్నాడు.

సోమవారం వచ్చిన జంట ఇల్లు కొనేశారు. ఆ అమ్మాయి గుమ్మడికాయని ముచ్చటగా నిమిరి, ఇది ఇంటితోపాటు వస్తుందా అని అడిగిందట. అదొక్కటి తప్ప అన్నీ వస్తాయన్నాడట ఈషాన్. ఆ సంగతి చెప్పేటప్పుడు ఇల్లు అమ్మిన ఏజెంటు మొహంలో ఉండాల్సిన వెలుగు లేదు. దేదీప్య అదీ చూసింది.

ఆ తర్వాత ఇన్‌స్పెక్షన్ అని ఒకరోజు, సంతకమని ఒకరోజు, గరాజ్‌లో బల్బు పోయిందని ఒకరోజు వచ్చాడు. ఆ బల్బు శుభ్రంగా వెలుగుతోంది. ముగ్గురికీ తెలుసు, ఎవరూ అనలేదు.

దేదీప్య నాన్చే మనిషి కాదు. ఒక సాయంత్రం గరాజ్‌లో అడిగేసింది. "ప్లేనోలో కూడా ఇల్లు కొనాలి. మీరు చూపిస్తారా?"

"నా లైసెన్స్ ఇల్లినాయ్‌ది. టెక్సస్‌లో చెల్లదు."

"అంతేనా?"

అతను బల్బు వైపు చూశాడు. "అక్కడ మంచి ఏజెంట్ ఉన్నారు. నంబర్ ఇవ్వనా?"

"అక్కర్లేదు" అని విసురుగా లోపలికెళ్ళింది. "తెలుగు రాదు సరే, ఎదుటిమనిషి మొహం చదవడం కూడా రాదా?" అని పెద్దమ్మ దగ్గర సణిగింది.

తాళాలిచ్చే రోజు రానే వచ్చింది. ఛాయాదేవి వెనక సీట్లో కూర్చుని గుమ్మడికాయకి కూడా బెల్టు పెట్టింది. ఈషాన్ కారు కిటికీ మీదకి వంగాడు.

"నేను వస్తాను, దేదీప్య."

గారు లేదు. నిజంగానే వస్తాడేమో అనిపించింది ఆ పిల్లకి. కానీ ఆ మాట అర్థం నేర్పింది తామే కదా. బై చెప్పేశాడు, అదీ తప్పులేకుండా.

"బాగా నేర్చుకున్నారు" అని, కళ్ళు చెమర్చేలోపు అద్దం ఎత్తేసింది.

ప్లేనోలో అపార్ట్‌మెంట్‌లో దిగారు. కొత్త ఆఫీసులో దేదీప్య మాట చెల్లుతోంది, పని బాగుంది. ఇల్లు చూద్దామంటే మాత్రం వచ్చేవారం చూద్దామంటుంది. అప్పుడప్పుడూ ఈషాన్ మెసేజ్ పెట్టేవాడు, గుమ్మడికాయ సేఫ్‌గా ఉందా అని. సేఫ్ అని కొట్టి ఫోన్ పక్కన పడేసేది.

"పుల్ల విరిచినట్టు జవాబిస్తే ఆ పిల్లాడు ఇంకేం మాట్లాడతాడే?" అంది ఛాయాదేవి.

"బై చెప్పిన మనిషితో కబుర్లేమిటి పెద్దమ్మా."

ఎండలు తగ్గి, టెక్సస్‌లో కూడా ఒక మంచి వాన పడిన శనివారం బెల్లు మోగింది. తలుపు తీస్తే ఈషాన్. ఇస్త్రీ చొక్కా నలిగి, జుట్టు తడిసి ఉన్నాడు.

"వస్తాను అన్నాను కదా."

దేదీప్య తలుపు పట్టుకుని అలాగే నిలబడింది. "బై చెప్పారనుకున్నాను."

"బై అయితే బై అనేవాణ్ణి. నాకు అంత తెలుగు రాదు దేదీప్య. వస్తాను అంటే వస్తాను, అంతే." జేబులోంచి కార్డు తీసి చూపించాడు. "టెక్సస్ లైసెన్స్. నువ్వు గరాజ్‌లో అడిగిన రోజే కోర్స్‌లో చేరాను. ఎగ్జామ్ పాసవుతానో లేదోనని చెప్పలేదు."

"ఫెయిలయితే?"

"మళ్ళీ రాసేవాణ్ణి. కొంచెం లేటుగా వచ్చేవాణ్ణి."

"నంబర్ ఇస్తానన్నారుగా, మంచి ఏజెంట్‌ది?"

"ఈ కార్డ్ మీద ఉంది."

ఆ పిల్ల పెదవి బిగబట్టింది గానీ నవ్వు ఆగలేదు. "సరే. ఇల్లు ఎప్పుడు చూపిస్తారు?"

"చూపిస్తా. ముందు ఒక క్వశ్చన్. ఎంతమందికి చూడాలి?" అతను కార్డు అటూ ఇటూ తిప్పాడు. "నీ ఒక్కదానికా, ఇద్దరికా?"

"ముగ్గురికి" అంది దేదీప్య. "పెద్దమ్మని గరాజ్‌లో పెడదామనుకున్నావా?"

ఎడమ బుగ్గన సొట్ట పడింది. ఈసారి ఆ పిల్ల ఏ పరదా సర్దలేదు, హాయిగా చూసింది.

వంటింట్లోంచి కేక వినిపించింది. "ఎవరే వచ్చింది?"

"ఇల్లు చూపించే అబ్బాయి పెద్దమ్మా."

"అయ్యో, నూనె కాగిపోయిందే. ఇంగువ వెయ్యనా, వద్దా?"

ఈషాన్ తల వంచి, గుమ్మంలో గుమ్మడికాయ కింద నుంచి లోపలికొచ్చాడు. "వెయ్యండి ఆంటీ. ఆ వాసన లేని ఇల్లు మనకొద్దు."

"ఇంకా ఆంటీ ఏమిటి బాబూ, అత్తయ్యా అను" అంది ఛాయాదేవి, తాలింపు చుయ్యిమంటుండగా.