రెండో కంట్రోలర్

నాకు పాత టీవీ గేములు సేకరించే పిచ్చి ఉంది. పసుపు రంగు క్యాసెట్టు గుచ్చి, టీవీకి తగిలించి ఆడే పెట్టెలు. ఒకప్పుడు వీధికి రెండిళ్ళలో ఉండేవి, ఇప్పుడు అటకల మీద వాటిల్లో బల్లులు కాపురం చేస్తున్నాయి. నేను ఊరూరూ తిరిగి ఏరుకొస్తాను. క్యాసెట్టు అంచుల్ని పెన్సిల్ రబ్బరుతో రుద్ది, తెగిన తీగలకు సోల్డరింగ్ పెట్టి మళ్ళీ ఆడిస్తాను. ఎవరూ నేర్పలేదు. ఫోన్లో చూస్తూ, వేళ్ళు కాల్చుకుంటూ నేర్చుకున్నాను. తిరువళ్ళూరులో మా ఇంటి ముందు గదిలో ఇప్పటికి ముప్పై నాలుగు పెట్టెలున్నాయి.

ఒంటరిగా పోవడానికి అమ్మ ఒప్పుకోదు. అందుకని సుగంధక్క తోడు వస్తుంది. అక్క బ్లౌజులు కుట్టే పని మానుకొని, బస్సులో తలనొప్పి తెచ్చుకొని, నన్ను తిట్టుకుంటూ వస్తుంది.

"పాత ఇనుము కొనేవాడికీ నీకూ ఏం తేడానే నివే? వాడైతే ఇనుముకు బదులు ఖర్జూరమన్నా ఇస్తాడు."

ఆ రోజు కూడా ఈ మాటే అనింది.

ఆత్తిపట్టు కరెంటు ప్లాంటులో పని చేసే శ్యామ్‌సుందర్ అనే ఆయన పాత గేముల మా వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో పెట్టినాడు. అట్టపెట్టెతో సహా ఉన్న టీవీ గేము. రెండు కంట్రోలర్లు, తుపాకీ, ఏడు క్యాసెట్లు. అట్టపెట్టె చిరగని సెట్టు నా ముప్పై నాలుగింటిలో ఒక్కటీ లేదు. వెంటనే ఫోన్ చేసినాను. పెట్టె పొదటూరుపేటలో వాళ్ళమ్మ దగ్గర ఉందన్నాడు.

"అమావాస్య రోజు పొండి మేడమ్. ఆ పొద్దు అమ్మకు తీరిక."

"రేపు పోతే?"

"వద్దు. అమావాస్యకే పొండి."

అమావాస్య ఇంకా మూడు రోజులుంది. తిరుత్తణిలో జయకుమార్ అని, నాలాగే గేములు ఏరుకునేవాడు ఒకడున్నాడు. నేను అడ్రస్ కనుక్కునేలోపే బండేసుకొని పోయి ఎత్తుకొచ్చేస్తాడు. ఇంతకుముందు రెండుసార్లు అట్లే చేసినాడు. రెండు రోజులు ఎట్లో ఓర్చుకున్నాను. మూడో రోజు ఓర్చుకోలేక, అమావాస్యకు ముందు రోజే బయల్దేరినాను.

మేము మగ్గం ఇంట్లో పుట్టినవాళ్ళం. నాకు పదేళ్ళొచ్చేదాకా పళ్ళిపట్టులో నాన్న గుంటలోకి కాళ్ళు దించుకొని గుంట మగ్గం నేసినాడు. అమావాస్యకు మగ్గానికి సెలవని నాకు తెలియదా? తెలుసు. కానీ వాళ్ళింట్లో మగ్గం తీసేసి ఇరవై ఏళ్ళయిందని శ్యామ్‌సుందరే ఫోన్లో చెప్పినాడు. ఇక సెలవు దేనికని, ఆ మాటకు ఈ మాటకు ముడిపెట్టి చూడలేదు.

మధ్యాహ్నం రెండు గంటలకు పొదటూరుపేటలో దిగినాము. వీధి పొడుగునా పవర్‌లూమ్‌లు టకటకలాడుతున్నాయి. అక్క తల పట్టుకొని బస్టాపు దగ్గర టీ కొట్టులో కూర్చుండిపోయింది.

"నువ్వు పోయి చూసిరా. నచ్చితే ఫోన్ కొట్టు."

వీధి చివరి ఇల్లు. అక్కడికొచ్చేసరికి మరమగ్గాల శబ్దం వినిపించలేదు. తలుపు తీసే ఉంది. పిలిచినాను.

"లోపలికి రామ్మా" అని లోపలి గదిలోనుంచి ఒక ముసలి గొంతు.

పొడుగాటి చీకటి గది. గంజి వాసన, తడిసిన నూలు వాసన, వాటి అడుగున మాడిన తీగ వాసన. పాత మగ్గం గుంట మీద పలకలు పరిచి ఉన్నాయి. మధ్యలో ఒక పలక లేదు. ఆ సందులోకి కాళ్ళు దించుకొని, మగ్గం నేసే మనిషి కూర్చున్నట్టే కూర్చోనుంది రాజామణమ్మ. శ్యామ్‌సుందర్ వాళ్ళమ్మ. డెబ్బై ఏళ్ళుంటాయి. ఎదురుగా చిన్న టీవీ. చేతుల్లో కంట్రోలర్.

ఆమె గేము ఆడుతోంది.

నాకు నవ్వొచ్చింది. అవ్వ బొటనవేళ్ళు ఎంత వేగంగా కదులుతున్నాయో! తెరమీద ఇద్దరు బొమ్మ మనుషులు గోడ వెంబడి పక్కపక్కనే నడుస్తున్నారు. గుంట వస్తే ఎగురుతున్నారు. రెండో కంట్రోలర్ తీగ పెట్టెలోనుంచి వచ్చి, పలకల సందులోనుంచి కిందికి దిగిపోయింది. ఆ తీగ మామూలుకన్నా పొడుగు. ఎవరో అతుకులు వేసి పెంచినారు. అతుకులు ఎంత బాగా వేసినారో అని చూస్తూ నిలబడినానే గానీ, అది కిందికి ఎందుకు పోయిందని ఆలోచించలేదు.

ఆమె నావైపు తిరగకుండానే అడిగింది. "మీరు మనవాళ్ళేనా? మగ్గమోళ్ళా?"

"ఆమా అవ్వా. పళ్ళిపట్టు."

"అట్లయితే చెయ్యి మార్చు తల్లీ. నీళ్ళు తాగి వస్తా."

మగ్గం ఇళ్ళల్లో ఈ మాటకు ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యరు. నేసేవాళ్ళు చెయ్యి మార్చమంటే, చేతిలో ఉన్నది వదిలేసి పోయి కూర్చోవాలి. వరస మధ్యలో మగ్గాన్ని ఒంటరిగా వదలకూడదు. చిన్నప్పుడు నాన్న అన్నప్పుడల్లా అన్నం పళ్ళెం దగ్గర్నుంచి కూడా లేచి పోయినదాన్ని. ఆ అలవాటే నన్ను కూర్చోబెట్టింది. కాళ్ళు గుంటలోకి దించినాను. ఆమె చేతిలోని కంట్రోలర్ నా చేతిలోకి వచ్చింది. వేడిగా ఉంది.

రాజామణమ్మ లేచి నిలబడి, నా తలమీద చెయ్యి పెట్టింది. బయటికి పోయింది. తలుపు మూసుకుంది.

గొళ్ళెం పడిన చప్పుడు.

"అవ్వా?"

గాలికి మూసుకుందేమో అనుకొని ఇంకో రెండు గుంటలు ఎగిరినాను. ఆట బాగానే ఉంది. పక్క బొమ్మ నాతో సమానంగా ఎగురుతోంది. నేను ఆగితే ఆగుతోంది, కదిలితే కదులుతోంది. ఏదో మంచి క్యాసెట్టే దొరికింది, రెండో బొమ్మ తనంతట తానే ఆడుతోంది అనుకున్నాను.

అప్పుడు వినిపించింది. పలకల కింద... టిక్. టిక్. టిక్.

బటన్ నొక్కే చప్పుడు. వేల సార్లు విన్న చప్పుడు. లోపల రబ్బరు అరిగిపోతే ఇట్లాగే వస్తుంది.

నా వేళ్ళు ఆగిపోయినాయి.

తెరమీద రెండు బొమ్మలూ ఆగినాయి. గుంటలో నా పాదాల మీద... ఇంకో రెండు పాదాలు పడినాయి.

చిన్నవి. చల్లగా, తడిగా. మగ్గం కింది తొక్కుడు చెక్కల్ని తొక్కినట్టు నా పాదాల్ని తొక్కి పట్టుకున్నాయి. మొదట బరువే లేదు. నేను ఆడకుండా ఉండేకొద్దీ బరువెక్కుతున్నాయి. నీళ్ళు నింపిన బిందెలు పెట్టినట్టు... ఆ తర్వాత బండలు పెట్టినట్టు. కాళ్ళు లాక్కోబోయినాను. రాలేదు. అరిచినాను. ఎవరూ రాలేదు.

కిందనుంచి గుసగుస.

"నిలపొద్దన్నా..."

ఆడినాను. బొటనవేలు నొక్కగానే బరువు తగ్గింది. తొక్కిన పాదాలు మాత్రం తీయలేదు.

తర్వాత ఎంతసేపో తెలియదు. ఫోను నా సంచిలో ఉంది. సంచి మూడడుగుల దూరంలో ఉంది. చెయ్యి చాపాలంటే కంట్రోలర్ వదలాలి. ఒకసారి వదిలి చూసినాను. ఎడమ మడమ దగ్గర ఎముక కిర్రుమనింది. మళ్ళీ వదల్లేదు. గుంట, గోడ, గుంట, గోడ. చెమట కళ్ళల్లో పడినా తుడుచుకోలేదు. గాలి ఆడని గది. ఉన్న ఒక్క కిటికీకి ఇటుకలు పేర్చి కట్టేసినారు. పైన పెంకుల సందులోనుంచి పడే ఒక వెలుగు చుక్క. అది నేలమీద కదులుతూ గోడ వైపు పోతోంది. నా జీవితమంతా అదొక్కటే గడియారమైపోయినట్టుంది.

నాలుగు దాటినాక గొళ్ళెం తీసిన చప్పుడయింది.

అక్క.

"టీ కొట్టువాడు బెంచీ ఎత్తేసినా నువ్వు రావేమే! బయట అవ్వ తిన్నెమీద పడి గురక పెడతా ఉండాది. నువ్వేమో ఇక్కడ ఒకటో క్లాసు పాపలాగ కూర్చోని ఆడుకుంటాండావా?"

అక్క ముఖం చూడగానే నాకు ఏడుపొచ్చింది. చెప్పాల్సిన మాట ఏదో నాకు తెలుసు. 'అక్కా, దగ్గరికి రావద్దు. పోయి ఎవరినన్నా పిలుచుకొని రా.' అదే చెప్పాలనుకున్నాను. ఒట్టు.

నా నోట్లోనుంచి వచ్చింది వేరే.

"అక్కా... చెయ్యి మార్చు."

అక్క కూడా మగ్గం ఇంట్లో పుట్టిందే కదా. తిడుతూనే వచ్చింది, పక్కన కూర్చుంది, కాళ్ళు దించింది, కంట్రోలర్ అందుకుంది. నా పాదాల మీది బరువు జారిపోయింది. కాళ్ళు పైకి లాక్కున్నాను.

అక్క ముఖం మారింది.

"నివే... కింద ఏమో ఉండాదే..."

"నీళ్ళు తాగి వస్తానక్కా."

ఆ ముసలామె అన్న మాటే అన్నాను. బయటికొచ్చి గొళ్ళెం కూడా పెట్టినాను. ఎందుకు పెట్టినానని నన్ను నేను రోజూ అడుగుతున్నాను. లోపల ఉన్నది నా వెనకాల వస్తుందని భయం. అక్క వెనకాల వస్తుందనే భయం కూడా ఉందేమో. ఆ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

పరిగెత్తినాను. బస్టాపులో తిరుత్తణి బస్సు కదులుతోంది. ఎక్కేసినాను. కండక్టర్ వచ్చి ఎన్ని టికెట్లని అడిగితే అలవాటుగా "రెండు" అన్నాను. ఆయన నా పక్కన ఖాళీ సీటు చూసి నా ముఖం చూసినాడు.

"ఇంకొకరు యాడమ్మా?"

తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచినాను. పరిగెత్తే ఓపిక లేదు. మడమ వాచింది. ఆ ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది.

అక్క తిన్నెమీద కూర్చొని మజ్జిగ తాగుతోంది. గొళ్ళెం తీసి ఉంది. వాకిట్లో రాజామణమ్మ దీపం పెట్టింది.

"దీపం పెట్టేదాకానే తల్లీ" అనింది నాతో. "దీపం పెడితే అది పడుకుంటాది. నువ్వు ఇంకొంచెం ఓర్చుకోని ఉంటే..." దీపం ఒత్తి ఎగదోసి తనే చెప్పింది. కొడుకు, కూతురు ఇద్దరూ గేము ఆడేవాళ్ళంట. కూతురికి గుంటలో కూర్చొని ఆడడం ఇష్టమని వాడే తీగ పెంచినాడంట. ఒక వాన రోజు ఆట మధ్యలో స్నేహితులు పిలిస్తే వాడు లేచి పోయినాడు. గుంటలో నీళ్ళు ఊరినాయి. కరెంటు తీగ తడిసింది.

"చెయ్యి మార్చకుండా లేచి పోయినాడు" అనింది ఆమె. "ఎవరో ఒకరు ఆడతా ఉండాల. మా ఇంటాయన, నేను మార్చుకుంటా ఉంటిమి. మొన్న ఆషాఢంలో ఆయన పోయినాడు. రేపు అమావాస్య, సెలవు. రేపే రమ్మని చెప్పినాడు కదా శ్యామ్. రేపు వచ్చి ఉంటే ఉత్త పెట్టె తీసుకోని పోయి ఉందురు."

తిన్నె పక్కన అట్టపెట్టె దారంతో కట్టి సిద్ధంగా ఉంది.

"వద్దక్కా, ఇక్కడే వదిలేద్దాం" అన్నాను.

"దీనికోసమే కదా వచ్చినావు" అని అక్క లేచింది. గొంతులో కోపం లేదు. అసలేమీ లేదు. "పట్టుకో. పోదాం."

పట్టుకున్నాను. ఇంకో మాట కూడా చెప్పేస్తాను. అట్టపెట్టె అంచులు నలగలేదు, స్టిక్కర్ చిరగలేదు. బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకొని, ఎంత బాగుందో అనుకున్నాను.

వారం తర్వాత శ్యామ్‌సుందర్ ఫోన్ చేసినాడు. గుంట పూడ్చేసినారంట. అమ్మ రాత్రీ పగలూ నిద్రపోతోందంట. "చాలా థ్యాంక్స్ మేడమ్" అన్నాడు. ఆయన ఏడుస్తున్నాడు.

ఆ వారమంతా అక్క పొద్దున్నే లోపలి గదిలోకి పోయి తలుపేసుకుంటోంది. కుట్టు పని ఎక్కువుందని అమ్మతో చెప్పింది. మిషను చప్పుడు మాత్రం రాదు. అమ్మ దీపం పెట్టినాక బయటికొస్తుంది. పాదాలకు వేడినీళ్ళు పోసుకుంటుంది. నాతో మామూలుగానే మాట్లాడుతుంది.

ఈరోజు మధ్యాహ్నం నేను ఆ అట్టపెట్టె విప్పినాను. రెండు కంట్రోలర్లూ ఉండాలి. మొదటిది లేదు. రెండోదీ లేదు. రెండో కంట్రోలర్ తీగ గేము పెట్టెలోనుంచి జానెడు బయటికొచ్చి తెగి ఉంది. లోపలి ఐదు సన్న తీగలకూ ఐదు ఎర్ర నూలు పోగులు అతికి ఉన్నాయి. సోల్డరింగ్ కాదు. మగ్గం మీద తెగిన పడుగు పోగులు అతికినట్టు, బూడిద అద్ది, వేళ్ళతో మెలివేసి. బూడిద ఇంకా తడిగా ఉంది.

మా ఇంట్లో అందరిదీ కుడి మెలి. అక్కది ఎడమచేతి వాటం. ఎడమ మెలి నిలవదు, తెగిపోతుందని నాన్న చిన్నప్పుడు అక్క చేతులమీద కొట్టేవాడు.

ఐదూ ఎడమ మెలులే. గట్టిగా లాగి చూసినాను. ఒక్కటీ తెగలేదు.

ఆ పోగులు అట్టపెట్టె అడుగునుంచి, గచ్చు మీదుగా, లోపలి గది తలుపు కిందికి పోతున్నాయి. తలుపు దగ్గర చెవి పెట్టినాను.

టిక్. టిక్. టిక్.

ఏం అనాలో నాకు తెలుసు. రెండే రెండు మాటలు, 'చెయ్యి మారుస్తా.' మగ్గం ఇంట్లో పుట్టినదాన్ని, అడగకుండానే అనాలి. తలుపు ఇవతల గంటసేపు కూర్చున్నాను. అనలేదు. బదులుగా ఇదంతా రాస్తున్నాను.

ఇప్పుడే లోపలినుంచి అక్క పిలిచింది.

"నివే... అమావాస్య ఎన్నాళ్ళుండాది?"

క్యాలెండర్ చూసి, ఇరవై రెండు రోజులని చెప్పినాను.

నా పక్కన నేలమీద పోగులు ఐదూ ఒక్కసారిగా బిగిసినాయి. తలుపు అవతల అక్కది కాని గొంతు, ఎవరికో సర్దిచెబుతున్నట్టు, చాలా నెమ్మదిగా అనింది.

"ఉండన్నా. ఇంకొకరు బయట కూర్చోనుండారు."