నోరు తెరువు, పిచ్చుకా!

“పదకొండో షరతు వినమ్మా. గడిచిన మూడు నెలల్లో నెలసరి రప్పించే మాత్రలేవీ వాడి ఉండకూడదు... హమ్మయ్య, ఇదీ మనకి సరిపోయింది!”

కూతురు ఫోనులోంచి చదివిన ఆ ముక్క చెవిన పడగానే మిషనమ్మ చెయ్యి గుడ్డమీద ఆగిపోయింది. కాళ్ళు మాత్రం తొక్కుతూనే ఉన్నాయి. స్కూలు చొక్కా కాలరు మీద పడాల్సిన కుట్టు పక్కకి తప్పి జేబు దాకా వెళ్ళిపోయింది...

“అమ్మా, చూసి కుట్టు! కళ్ళద్దాలు నేను చేసిచ్చింది అలంకారానికా?” అని నవ్వింది పిచ్చుక. ఎన్నాళ్ళకి నవ్వింది! ఆ నవ్వు ముందు ఏమని నోరు విప్పగలదు ఆ తల్లి?

కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని పిచ్చుకది. పంతొమ్మిదో ఏట ఆగిపోయింది నెలసరి. ఐదేళ్ళు దాటిపోయింది. ఒక డాక్టరు ఒళ్ళు చెయ్యమన్నాడు, ఇంకొకాయన తగ్గమన్నాడు. మూడో ఆవిడ పరీక్షల కాగితాలన్నీ తిరగేసి, కారణం అంతుపట్టడం లేదమ్మా అని చేతులెత్తేసింది. అప్పటినుంచి దుకాణంలో భోజనాల వేళ వచ్చిందంటే చాలు, ఒక చేత్తో ముద్ద, ఇంకో చేత్తో ఫోను. ఎక్కడైనా ఈ జబ్బుకి కొత్త మందు పరీక్షిస్తున్నారా అని వెతుకులాట. క్లినికల్ ట్రయల్ అంటారట దాన్ని. నోటుబుక్కులో ఒక్కొక్కటే రాసుకోవడం, ఫోను చెయ్యడం, కొట్టెయ్యడం. ఒకటి పోయినేడే ముగిసిపోయింది. ఒకటి పెళ్ళయినవాళ్ళకేనట. ఒకదానికి రెండు రోజులు ప్రయాణం చెయ్యాలి. నాలుగోది ఇదిగో, రెండు బస్సులు మారితే చాలు! పాతికేళ్ళు నిండకముందే చేరాలి. పిచ్చుకకి పాతిక నిండడానికి సరిగ్గా ఇరవై నాలుగు రోజులుంది.

“పైగా మొన్నామధ్య దానంతటదే ఒకసారి వచ్చింది కదమ్మా! అది ఫోనులో చెప్తే మంచి గుర్తేనంది అక్కడి నర్సు. నా ఒళ్ళు ఇంకా చచ్చిపోలేదన్నమాట!”

మిషనమ్మ చప్పున తల వంచుకుని తప్పుకుట్టు విప్పడం మొదలుపెట్టింది. దానంతటదే రాలేదు తల్లీ... దానంతటదే రాలేదు!

రోజూ పొద్దున కూతురికి జడ వేస్తూ రక్తం పట్టడానికని ఐరన్ మాత్ర తానే నోట్లో వేస్తుంది. “నోరు తెరువు, పిచ్చుకా!” అనగానే పాతికేళ్ళు నిండబోయే పిల్ల పిచ్చుకపిల్లలా నోరు తెరుస్తుంది. ఏం మాత్రో ఏనాడూ చూసింది లేదు. అమ్మ చేతిదాన్ని చూడ్డమేమిటి? రెండు నెలల క్రితం మిషనమ్మ అక్కగారు మందుల షాపతన్ని అడిగి పది మాత్రలు తెచ్చింది. “దానికి చెప్తే సవాలక్ష ప్రశ్నలేస్తుంది. ఐరన్ డబ్బాలో వేసెయ్. నెలసరొస్తే పిల్ల మొహం వెలుగుతుంది!” అంది. పది రోజులు వేసింది. వచ్చింది. ఆ రోజు పిచ్చుక స్నానాలగదిలోంచి ఏడుస్తూ వచ్చి తల్లిని చుట్టేసింది. అప్పుడే చెప్పాల్సింది... కానీ ఆ పట్టులోంచి తనను తాను విడిపించుకోలేకపోయింది.

మర్నాడు అక్క వచ్చింది. పెరట్లో గుసగుసలాడారు ఇద్దరూ.

“నోరు మూసుకుని ఊరుకో! నువ్వు చెప్తే తప్ప ఎవరికి తెలుస్తుందే?”

“దాని ఒంటికేమైనా అయితే అక్కా?”

“పది మాత్రలకి ఏమవుతుంది? నీదంతా చాదస్తం. ఉన్న కాస్త అదృష్టాన్నీ నువ్వే చెడగొట్టేలా ఉన్నావు!”

నాలుగో రోజున తల్లీకూతుళ్ళు పెద్దాసుపత్రికి వెళ్ళారు. రెండో అంతస్తులో చిన్న గది, గోడకి ఆగిపోయిన గడియారం, బల్లమీద అంగీకార పత్రం. పద్ధెనిమిది పేజీలు. నర్సు ఒక్కో పేజీ చదివి వినిపించి, అర్థమైందా అని అడిగి సంతకం తీసుకుంటోంది. వాళ్ళు కలమిచ్చినా పిచ్చుక పుచ్చుకోక తన కొత్త కలమే తెచ్చుకుంది.

“మాత్రల సంగతి మాత్రం నిజం చెప్పాలమ్మా,” అంది నర్సు. “మేమిచ్చే మందు ఎవరికి ఎంత పనిచేసిందో తెలియాలంటే ముందేం వాడారో తెలియాలి. పైగా లోపల ఇంకోటి మిగిలుంటే రెండూ కలిసి రక్తం గడ్డకట్టే ప్రమాదముంది.”

“ఏమీ వాడలేదండీ!” పిచ్చుక కలం కాగితానికి ఆన్చింది.

“వాడింది!”

ఆ గొంతు తనదేనని మిషనమ్మకే తెలియలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, వెక్కిళ్ళ మధ్య అంతా చెప్పేసింది. డబ్బా, జడ, పది మాత్రలు... “దానికేం తెలియదమ్మా! పాపం నాది. నన్నేమైనా అనండి, దాన్ని మాత్రం చేర్చుకోండి. మీ కాళ్ళు పట్టుకుంటాను!”

నర్సు మొహం చిన్నబోయింది. వేళ్ళమీద లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. “మూడు నెలలు నిండడానికి ఇంకా నెల పడుతుంది. ఈవిడకి ఇరవై రోజుల్లో పాతిక నిండిపోతుంది...”

“పది రోజులు! పది రోజుల తేడాకేనా తల్లీ?”

“నేను పెద్ద డాక్టరుగారిని అడిగొస్తాను,” అని వెళ్ళింది. వెళ్ళినంతసేపు పట్టలేదు తిరిగి రావడానికి. గుమ్మంలోనే నిలబడి తల అడ్డంగా ఊపింది. “నిబంధన మార్చడం ఆయన చేతిలో కూడా లేదమ్మా. తీసుకోవాలనే ఉంది నాకూ...”

పిచ్చుక కలానికి మూత పెట్టింది. అరవలేదు, ఏడవలేదు. అరిచినా బాగుండును! తల్లి వైపు తిరిగింది.

“అయితే... ఆ ఒక్కసారి వచ్చింది కూడా నాది కాదా అమ్మా?”



రెండు బస్సుల్లోనూ పక్కపక్కనే కూర్చున్నారు. ఇంటి గుమ్మంలో అక్క ఎదురొచ్చి, సంగతి విని నెత్తి కొట్టుకుంది. “చెప్పేసిందా మీ అమ్మ? దీనంత వెర్రిబాగుల్ది ఉంటుందా!”

“అమ్మనేమీ అనకు పెద్దమ్మా,” అంది పిచ్చుక అలసటగా. “చెప్పకపోతే నా ప్రాణమ్మీదికొచ్చేది. చెప్పడం తప్పు కాదు.” అంతవరకే అంది. ఏది తప్పో అనలేదు. ఆ అనని మాటే ముల్లులా దిగబడింది తల్లి గుండెల్లో.

తర్వాత నోటుబుక్కు తెచ్చి మిషను పక్కన కూర్చుంది. నాలుగోదాన్ని కూడా కొట్టేసి, “ఆ మాత్రలు ఏ రోజు మొదలుపెట్టావమ్మా?” అని అడిగింది.

“నీలం కాలర్ల ఆర్డరు వచ్చిన సోమవారం. ఆఖరుది బొత్తాలు కుట్టిన బుధవారం.” అన్నీ గుర్తున్నాయి ఆ తల్లికి! ఒక్కరోజైనా మరిచిపోతే కదా...

పిచ్చుక అన్నీ రాసుకుంది. కింద ఐదు అని వేసి, ఎదురుగా ఏమీ రాయకుండా పుస్తకం మూసేసింది.

మర్నాడు పొద్దున మామూలుగానే జడ వేయించుకోవడానికి వచ్చి తల్లి మోకాళ్ళ ముందు కూర్చుంది. మిషనమ్మకి ప్రాణం లేచొచ్చింది. దువ్వింది, మూడు పాయలు తీసింది, అల్లింది, చివర ముడేసింది. డబ్బా మూత తీసి, అలవాటు కొద్దీ మాత్ర పట్టుకుని, “నోరు తెరువు...” అంది.

పిచ్చుక నోరు తెరవలేదు. అరచెయ్యి చాపింది.

మిషనమ్మ మాత్ర అందులో పెట్టింది. పిచ్చుక దాన్ని కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసింది. డబ్బా కూడా అడిగి తీసుకుని, మీదున్న సన్నటి అక్షరాలన్నీ చదివింది. అప్పుడు వేసుకుని నీళ్ళు తాగి, “వెళ్ళొస్తానమ్మా,” అని చెంప తడిమి వెళ్ళిపోయింది.

రేపూ చదువుతుంది. ఎల్లుండీ చదువుతుంది. మిషనమ్మ ఖాళీ గ్లాసు చేత పట్టుకుని, వీధి మలుపు తిరుగుతున్న ఆ జడ వైపే చూస్తూ నిలబడిపోయింది...